మెలిక ఇల్లెక్కడ?

జూన్ 4

రంగుల పిల్లకి,

నీ వదిన రాస్తోంది. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోను తాడు పేనే చక్రం పక్కన గోడకి ఉంది, మీ అన్నయ్య ఎప్పుడూ అక్కడక్కడే తిరుగుతుంటారు. ఆయన మీద చాడీలు ఆయన ముందే ఎలా చెప్పను? అందుకే కాగితం పట్టుకున్నాను.

ముందు మన సందు సంగతి విను. నువ్విప్పుడు వస్తే దారి తప్పవు కానీ మేమే తప్పుతున్నాం. నీ సినిమా ఇక్కడి హాల్లోకి వచ్చాక, ఈ సందు చూసే నువ్వు సెట్టు వేశావని పేపర్లో నీ ఫోటోతో సహా వేశాక, జనం రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళు మొహాలు వేలాడేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. సినిమాలో తలుపులన్నీ నీలంగా ఉన్నాయట, ఇక్కడ లేవట. మొదట టైలరు తన తలుపుకి నీలం వేయించాడు. రెండోరోజు అతని కొట్టు ముందు జనం. ఆ వారంలోనే సందంతా నీలం. మన తలుపొక్కటే పాత గోధుమరంగు. మీ అన్నయ్యని అడిగితే అవుననరు, కాదనరు.

పొద్దున్న లేస్తే ఒకటే ప్రశ్న: "మెలిక ఇల్లెక్కడండీ?" సినిమాలో ఆ అమ్మాయి పేరు మెలికట కదా. నేను ఓపిగ్గా చెబుతున్నాను, మెలిక అంటే మనిషి కాదమ్మా, తాడు పేనేటప్పుడు నారలో పడే మెలిక, మా వాళ్ళు పాటలో దాన్ని పిలుస్తారు, అని. వాళ్ళు నవ్వేసి, నా వెనకాల కిటికీకేసి చూసి, "ఇదే అయ్యుంటుంది" అంటారు. మొన్న ఒకావిడ నేను ఆరేసిన చీర పక్కకి జరపమంది. ఫోటోలో అడ్డమొస్తోందట. జరిపాను, ఏం చేస్తాను.

ఇక అసలు సంగతి. మీ అన్నయ్య రోజూ మొదటి ఆటకి వెళ్తున్నారు. అదే సినిమా. పెళ్ళయిన కొత్తలో కూడా నన్ను సినిమాకి తీసుకెళ్ళని మనిషి. సాయంత్రం కాగానే చేతులకున్న నారపీచు కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని బయల్దేరతారు. ఇంటర్వెల్ కాకుండానే వచ్చేస్తారు. వచ్చాక నిద్దట్లో నడుస్తున్నట్టుంటారు. అన్నం పెడితే తింటారు, పెట్టకపోతే అడగరు. నీకేమైనా తెలుసా? తెలిస్తే దాచకు.

చేతులు కాయలు కాసినా నీకోసం ఇంత రాసిన
వదిన

*

జూన్ 15

వదినా,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది.

నీలం సంగతి చెబుతాను, ఎవరికీ చెప్పకు. అంతకుముందు సినిమాలో సముద్రం వేశాం, గుడ్డ మీద. ఆ నీలం డబ్బాలు మిగిలిపోయాయి. సెట్టు మర్నాటికి సిద్ధం కావాలన్నారు, ఉన్న రంగు వేసేశాం. అంతే. ఇప్పుడు నువ్వు రాసింది తలుచుకుంటుంటే, గుడ్డ మీది సముద్రం అలా పొంగి మన సందులోకి వచ్చి, ఒక్కో గుమ్మం దగ్గరా ఆగినట్టుంది.

ఆ సందు వేసేటప్పుడు నా దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు. కళ్ళు మూసుకుని నడిచేదాన్ని. చక్రం దగ్గర మొదలుపెట్టి నది దాకా, నాన్న తాడు పేనుతూ నడిచినట్టు వెనక్కి వెనక్కి. ఏ గోడ దగ్గర భుజానికి ఎండ తగిలేదో, ఎక్కడ గాలి తిరిగేదో గుర్తొచ్చేది. వడ్రంగికి అలాగే చెప్పేదాన్ని: "ఇక్కడ కొంచెం చల్లగా ఉండాలి." పాపం అతను తల గోక్కుని, ఒక చూరు దింపేవాడు. సరిపోయేది. చివర్లో నది వైపు మెట్లు కట్టించాను, చూశావా? అవి మన సందులో ఎప్పుడూ లేవు. స్టూడియోలో ఆ మూల బాత్రూము తలుపు కనిపిస్తోంది, దాన్ని కప్పడానికి.

నేను ఆ సినిమా చూడలేదు వదినా. నమ్ముతావో లేదో. వెంటనే ఇంకో పని మీద పడ్డాను అని అందరికీ చెబుతున్నాను. నిజం అది కాదు. బాణీ కావాలని సంగీత దర్శకుడు అడిగితే, నేను స్కూల్లో ఉన్నప్పుడు నాన్న పాడుతుంటే పట్టిన పాత క్యాసెట్టు, నేను కూడా వినకుండానే, ఇచ్చాను. అన్నయ్యని అడగలేదు. అడిగితే వద్దంటాడేమోనని. అది పనిపాట. నడవడానికి పాడుకునేది. దాన్ని డ్రమ్ములు పెట్టి పరిగెత్తించారు. రేడియోలో విన్నప్పుడల్లా కట్టేస్తున్నాను.

అన్నయ్య రోజూ వెళ్తున్నాడంటే నాకు అర్థమైంది. తప్పులు లెక్కపెట్టుకుంటున్నాడు. ఒకరోజు అన్నీ కలిపి నన్నడుగుతాడు. నువ్వే ఎలాగైనా సర్ది చెప్పాలి.

నీ
రంగులపిల్ల

*

జూన్ 27

అమ్మాయ్,

అన్నాచెల్లెళ్ళు ఒకే గూటి పక్షులు. నేనేమడిగాను, నువ్వేం చెప్పావు? తప్పులు లెక్కపెట్టే మనిషి చొక్కా ఇస్త్రీ చేయించుకుంటాడా?

టిక్కెట్లు చింపే అతన్ని సంతలో పట్టుకుని అడిగాను. "మీ ఆయన పాట మొదలయ్యేటప్పుడు ముందుకి వంగుతారమ్మా, పాట అందుకోగానే లేచి వెళ్ళిపోతారు" అన్నాడు. ఆ పాటలోనేగా ఆ అమ్మాయి మొదటిసారి కనపడేది? పోస్టరు చూశాను. బావుంది, కాదనను. కళ్ళు మరీ అంత పెద్దవి ఎవరికీ ఉండవు, అది మీవాళ్ళు దిద్ది ఉంటారు. ఈ వయసులో ఈయనకిదేం పిచ్చి? నువ్వు ఆ అమ్మాయితో కలిసి పనిచేశావు కదా. మనిషి ఎలాంటిది?

నవ్వకు. నాకు నవ్వుగా లేదు. రోజంతా చక్రం తిప్పేది నేను, ఆయన నడుముకి నారకట్ట చుట్టుకుని నాకేసి చూస్తూ వెనక్కి నడుస్తూ పోతారు. పెళ్ళయినప్పటినుంచీ మా సంసారం ఇదే, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ దూరం కావడం, మళ్ళీ దగ్గరికి రావడం. ఇప్పుడు ఆయన నాకేసే చూస్తున్నారు, కానీ చూపు నాలోంచి వెనక్కి ఎటో పోతోంది.

పని కూడా సరిగ్గా సాగట్లేదు. తాడు వదులుగా వస్తోంది. ఎందుకో తర్వాత తెలిసింది. పొద్దస్తమానం నాలుగిళ్ళ రేడియోల్లోంచి ఆ పాట వినీ వినీ నాకు తెలియకుండానే చక్రం ఆ వేగంతో తిప్పుతున్నాను. ఆయన నడక పాత పాటది, నా చెయ్యి కొత్త పాటది. పురి ఎలా కుదురుతుంది?

ఇంకో పిడుగు. వార్డు పెద్ద మీటింగు పెట్టాడు. సినిమాలో ఉన్న మెట్లు ఇక్కడ లేవని వచ్చినవాళ్ళు నిరాశపడుతున్నారట. సందు చివర నది వైపు మెట్లు కట్టి, పైన కమాను లేపుతారట. కడితే సందు పొడవు తగ్గిపోతుంది. పొడవు తాడు మాట అలా ఉంచు, పడవలకి కట్టే తాడు కూడా పేనలేం. అందరూ మీ అన్నయ్యకేసి చూశారు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. "సరే, అభ్యంతరం లేనట్టే" అని వార్డు పెద్ద రాసేసుకున్నాడు. దారిలో నేనడిగాను, "మాట్లాడరేం?" అని. "ఏం మాట్లాడారు వాళ్ళు?" అన్నారు. అంతా అయ్యాక.

నీ బాత్రూము తలుపు మా కొంప మీదికి వచ్చింది.

వదిన

*

జూలై 8

వదినా,

రెండు రోజులు బ్రష్షు పట్టుకోలేదు.

మొదటిది: ఆ అమ్మాయి చాలా మంచిది, పనిలో అలిసిపోయి మెట్ల మీదే నిద్రపోయేది. అన్నయ్య ఎవరో కూడా ఆమెకి తెలీదు. నీ పిచ్చి నీది.

రెండోది: నేనే వార్డు పెద్దగారికి ఉత్తరం రాశాను. ఆ మెట్లు పలకలతో చేసి పైన సున్నం పూసినవనీ, నాలుగో మెట్టు తర్వాత వెనక ఏమీ లేదనీ, నిజం సందుకి అబద్ధం తొడగొద్దనీ బతిమాలాను. జవాబు రాలేదు.

మొన్న మధ్యాహ్నం భోజనం చేసి రంగుల గదిలో కునుకు తీశాను. కలలో సందులో ఉన్నాను. నాన్న నడుస్తున్నాడు, నాకేసి వీపు పెట్టి. నేను పక్కన గోడ పట్టుకుంటే చేతికి నీలం అంటింది. తట్టి చూస్తే బోలుగా మోగింది. నాన్నని పిలుద్దామనుకున్నాను. తిరిగి చూస్తే ఆయన కూడా వెనకవైపు ఏమీ లేని బొమ్మ అయిపోతాడేమోనని పిలవలేదు. మెలకువ వచ్చాక చాలాసేపు నేనున్నది ఏ గోడల మధ్యో తెలియలేదు. ఇప్పుడు మీ సందు నా సెట్టులా మారుతోంది. నా సెట్టు ఎప్పుడో విప్పేసి చెక్కలు ఇంకో ఇంటికి వాడేశారు. మరి నేను పుట్టిన సందు ఎక్కడుందిప్పుడు? అన్నయ్య నడిచినంత మేరా ఉంటుందనుకునేదాన్ని. అది కూడా నేనే కోసేశాను.

ఈ నెలలో వద్దామనుకున్నాను. రాలేను. అన్నయ్య నాతో ఒక్క మాట మాట్లాడకపోతే ఆ గుమ్మంలో నించోలేను. రోజూ వెళ్ళి ఏం చూస్తున్నాడో నువ్వే ఒకసారి వెంట వెళ్ళి చూడకూడదూ?

నీ
రంగులపిల్ల

*

జూలై 20

తల్లీ,

వెళ్ళాను. ముందుగా వెళ్ళి, వెనక వరసలో చీకట్లో కూర్చున్నాను, దొంగలా. మీ అన్నయ్య వచ్చి ముందు నుంచి మూడో వరసలో చివర కూర్చున్నారు. అది ఆయన సీటని అందరికీ తెలుసులా ఉంది, ఎవరూ కూర్చోలేదు.

కథ ఏదో నడిచింది. ఆ తర్వాత తెర మీద మంచు. మంచులో మన సందు. మనుషులెవరూ లేరు. నువ్వు చూరు దింపించిన చోట గోడ మీద చల్లదనం నాకు కూర్చున్నచోటే తగిలింది, నిజంగా. చక్రం కిర్రుమంది. అప్పుడొక దగ్గు వినిపించింది.

నేను లేచి నించున్నాను. పక్కవాళ్ళు కూర్చోమన్నారు. ఆ దగ్గు నాకు తెలుసమ్మా. కాపురానికి వచ్చిన కొత్తలో అది వినిపిస్తే తల మీద కొంగు సర్దుకుని మామయ్యగారికి మంచినీళ్ళ చెంబు అందించేదాన్ని. తర్వాత ఆయన గొంతు. డ్రమ్ములు లేవు, ఏమీ లేవు. హాలు నిండా మామయ్యగారే.

మెల్లగ రావే మెలికా, నా వెంటే రావే మెలికా
పొద్దు వాలే దాకా నడిచి వస్తా, చెయ్యి వదలకే మెలికా

అంతే, ఆ రెండు వరసలే. ఆ తర్వాత డ్రమ్ములు, ఆ పిల్ల, ఆ గంతులు. రేడియోలో ఈ మొదలు వేయరు, అందుకే మనకి తెలీదు. మీ అన్నయ్య లేచారు. ఆయన చేతులు నడుము దగ్గర నార వదులుతున్నట్టే కదులుతున్నాయి. నన్ను చూసి ఆగిపోయారు.

బయటికొచ్చి నడుస్తుంటే అడిగాను. "ఎప్పట్నించి తెలుసు?"

"మొదటి రోజు నించీ."

"నాకు చెప్పొచ్చుగా."

"చెబితే నువ్వూ వస్తావు. వస్తే ఏడుస్తావు. నువ్వేడిస్తే నాకు పాట వినపడదు."

నేను అప్పటికే ఏడుస్తున్నాను. కొంగుతో మొహం తుడుచుకునేలోపు ఆయనే మాట్లాడారు. ఇన్నేళ్ళలో ఒక్కసారి అంత మాట్లాడటం నేను వినలేదు.

"చివరి ఏడాది నాన్నకి గొంతు పోయింది కదా. సైగలే. ఆ తర్వాత నాకు మొహం గుర్తుంది, నడక గుర్తుంది, గొంతు మాత్రం పోయింది. ఎంత తలుచుకున్నా నా గొంతే వచ్చేది. పని చేస్తూ పాడుకుంటే అది నాన్నదో నాదో తెలిసేది కాదు. ఇక రాదనుకున్నాను."

"మరి చెల్లెలికి ఒక్క ముక్క రాయలేకపోయారా? మీరు కోపంగా ఉన్నారని అది అక్కడ కుమిలిపోతోంది."

ఆయన రోడ్డు మధ్యలో ఆగిపోయారు. "కోపమా? నాకోసమే పెట్టించిందనుకున్నాను. చెప్పకుండా ఇచ్చింది. నేనూ చెప్పకుండా పుచ్చుకున్నాను. థాంక్స్ చెబితే ఏడుస్తుందని ఊరుకున్నా."

మీ ఇంట్లో ఆడవాళ్ళు ఏడుస్తారన్న భయంతో మగవాళ్ళు ఎన్ని మింగేశారో, ఎప్పుడైనా కూర్చుని లెక్క తీయాలి.

ఆ పెద్ద కళ్ళ పిల్ల సంగతి నేను రాసినట్టు ఆయనకి చెప్పావో, చూసుకో.

మనసు తేలికపడ్డ
వదిన

*

ఆగస్టు 2

రంగుల పిల్లకి,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. చెప్పకుండా ఉండలేను.

నిన్న మేస్త్రీ వచ్చాడు. సందు చివర అడ్డంగా దారం కట్టాడు, మెట్లు అక్కడినుంచీ అని. తాడుకి ఊతంగా మధ్యమధ్య పాతుకునే మన పంగలకర్రలు పీకి ఇటుకల పక్కన పడేశాడు. నిన్నే ఒక పడవ వాళ్ళ తాడు పేనాలి. నేను ఏం చేద్దామంటే, మీ అన్నయ్య "తిప్పు" అన్నారు. తిప్పాను. ఆయన నడుముకి నార చుట్టుకుని వెనక్కి బయల్దేరారు.

సందు నిండా చూడ్డానికి వచ్చినవాళ్ళు. సగం దూరం వెళ్ళేసరికి కర్రలు లేక తాడు పేట నేలకి వేలాడింది. మట్టంటితే పాడైపోతుంది. గోడ పక్కనున్న ఒక పెద్దావిడ చెయ్యి చాపి కింద పట్టింది. ఆమె తర్వాత ఇంకొకరు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఎవరో సినిమా పాట అందుకున్నారు, అందరూ కలిశారు, గబగబా, చప్పట్లతో. నా చెయ్యి కూడా దాంతో పరిగెత్తబోయింది.

మీ అన్నయ్య ఆగారు. "అలా కాదండీ. ముందు వస్తుంది చూడండి, ముసలాయన పాడేది. అలా."

ఆయనే మొదలుపెట్టారు. ఆ రెండు వరసలు వాళ్ళందరికీ వచ్చు. పదేసిసార్లు చూసినవాళ్ళు మరి. పాట నెమ్మదించింది. నా చక్రం నెమ్మదించింది. ఏమని చెప్పను, గాలి కూడా నెమ్మదించింది. పరాయివాళ్ళ అరచేతుల మీదుగా పేట అలా పాకుతూ పోతుంటే, ఊళ్ళకి ఊళ్ళు కలిసి ఒక నిద్రని మోసుకెళ్తున్నట్టుంది. ఆయన వెనక్కి నడుస్తూ నడుస్తూ దారం దాకా వెళ్ళారు. వీపు తగలబోతోంది. మేస్త్రీ పాడుతూనే వంగి దారం ముడి విప్పేశాడు. ఆయన నది దాకా వెళ్ళారు.

వార్డు పెద్ద అంతా చూశాడు. సాయంత్రం వచ్చి, మెట్లు పక్క సందులో, రేవు దగ్గర కట్టిస్తానన్నాడు. "జనం ఇది చూడ్డానికి వస్తారు, మెట్లదేముంది" అంటాడు, అదేదో తనకే తట్టినట్టు. నీ ఉత్తరం గురించి అడిగాను. నీ సంతకం ఉందని ఫ్రేము కట్టించి ఆఫీసులో పెట్టుకున్నాడట. చదివినట్టు లేదు.

అన్నీ మనం అనుకున్నట్టే జరగలేదులే. సందు మొగలో "మెలిక వీధి" అని బోర్డు కొట్టేశారు. పాత పేరు, తాళ్ళ సందు అంటే ఇక రిక్షావాళ్ళకి కూడా తెలీదు. మన తలుపుకి కూడా నీలం వేశాం. మీ అన్నయ్యే వేశారు. బావుంది, చెప్పొద్దూ.

ఇది రాస్తుంటే పక్కన నించుని ఒక ముక్క చేర్చమంటున్నారు: "వచ్చేటప్పుడు క్యాసెట్టు తెమ్మను. సినిమా ఈ వారంతో ఎత్తేస్తున్నారు."

వదిన

*

ఆగస్టు 13

వదినా, అన్నయ్యా,

ఇద్దరికీ కలిపి రాయడం ఇదే మొదటిసారి.

క్యాసెట్టు సంగీత దర్శకుడి దగ్గర తిరిగి తీసుకున్నాను. జాగ్రత్తగా ఉంచాడు, పాపం. "ఆ గొంతు తీసేసి మావాడి చేత పాడిద్దామని చూశానమ్మా, ఎంత పాడినా సందు ఖాళీగానే ఉంది" అన్నాడు. పది రోజులు సెలవు పెట్టాను. శుక్రవారం బండెక్కుతున్నాను.

నిన్న సినిమాకి వెళ్ళాను. ఇక్కడ ఊరి చివర చిన్న హాల్లో ఇంకా ఆడుతోంది. మధ్యాహ్నం ఆట, పలచగా జనం. నా పక్కన ఒక నర్సు కూర్చుంది, డ్యూటీ దిగి వచ్చినట్టుంది, ఒళ్ళో బ్యాగు, కాళ్ళు చెప్పుల్లోంచి బయటికి తీసి పెట్టుకుంది.

నాన్న దగ్గాడు. నాన్న పాడాడు. అన్నయ్యా, నాకు కూడా పోయిందని అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ నా చెవిలో ఉన్నది నీ గొంతు.

పక్కన ఆవిడ కూడా సన్నగా పాడుతోంది. డ్రమ్ములు అందుకోగానే మూతి తిప్పింది. "పాడుచేశారు" అంది, నాతోనో తనతోనో.

"ఏంటండీ?" అన్నాను.

"ఇది మా అమ్మమ్మ పాట. మా ఇంట్లో పిల్లలందరం దీనికే నిద్రపోయాం. మెలికా కాదు, నిదరా. మెల్లగ రావే నిదరా. ఈ సినిమావాళ్ళు ఎక్కడో విని ఎత్తుకొచ్చేసి, తాళ్ళు పేనేవాళ్ళ నోట్లో పెట్టేశారు. తాళ్ళు పేనేవాళ్ళకి ఇంత మెత్తటి పాట ఎక్కడిదండీ?"

నా నోటిదాకా వచ్చింది. ఆ ముసలాయన మా నాన్న అని, ఆ సందు మాదని, నేను పుట్టకముందు నించీ మావాళ్ళు దానికే నడిచారని. చెబుదామని తిరిగాను. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. తెర మీది వెలుతురు ఆవిడ మొహం మీద నీలంగా ఆడుతోంది. ఏ ఊళ్ళోదో, ఏ గదిలోదో ఒక ఉయ్యాల ఆవిడ రెప్పల కింద ఊగుతోంది. ఆ గది ఎలా ఉంటుందో నేను వేయలేను. నేను చూడలేదు.

"మిగతాది ఎలా ఉంటుందండీ?" అని అడిగాను.

"మిగతాది వీళ్ళకి రాదుగా" అంది ఆవిడ, కొంచెం గర్వంగా. సినిమా వదిలేసి, నావైపు వంగి, నా చెవిలో పాడింది. మనకి రెండు వరసలే వచ్చు, వదినా. మూడోది ఉంది.

మెల్లగ రావే నిదరా, నా వెంటే రావే నిదరా
పొద్దు వాలే దాకా నడిచి వస్తా, చెయ్యి వదలకే నిదరా
వాకిట్లో ఎవరని అడగబోకే, మనవాళ్ళే నిదరా

మీ
చెల్లి